జిల్లాలవారీగా విడదీయుట

ఒక రాష్ట్రములోని పింఛనుదారులందరి వివరములును కామాలతో వేరుపడిన గడులుగా ఒకే పెద్ద ఫైలులో చేతికి వచ్చినపుడు, దానిని జిల్లాలవారీగా పంచవలసిన ఉద్యోగి సాధారణముగా ఎక్సెల్ తెరచి, ఒక్కొక్క జిల్లా పేరును ఫిల్టరు చేసి, కనబడిన వరుసలను కాపీ చేసి, కొత్త ఫైలులో అతికించి భద్రపరచును. తెలంగాణములోనైనచో ఈ తంతు 33 మారులు జరుగవలెను. పైగా ఎక్సెల్ షీటు 10,48,576 వరుసలకు మించి పట్టజాలదు గనుక, అంతకంటె పెద్ద పట్టిక విషయమున, హెచ్చరికను చదువక నొక్కివేసినవానికి తోక తెగిన పట్టికయే సమగ్రమని తోచును.

ఈ పనికి తగిన సాధనము 1977 నుండియు ఉన్నది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఆల్ఫ్రెడ్ ఏహో, పీటర్ వైన్‌బర్గర్, బ్రయన్ కెర్నిహన్ అను మువ్వురు నిర్మించిన ఆక్ అను భాష, లినక్స్, మాక్ యంత్రములయందు నేటికిని సిద్ధముగా లభించును. గడులను వేరుచేయునది కామా యనియు, ప్రతి వరుసను దాని మూడవ గడిలోని పేరుగల ఫైలులోనికి పంపవలెననియు కమాండు లైనుపై ఒక్క పంక్తిలో తెలిపినచో చాలును. ఏయే జిల్లాలున్నవో ముందుగా చెప్పనక్కరలేదు. కొత్త పేరు తటస్థించినపుడు కొత్త ఫైలును తెరచును, పాత పేరు మరల వచ్చినపుడు ఆ ఫైలు చివర చేర్చును. పట్టికనంతను జ్ఞాపకమున నిలుపుకొనక, ఒక్కొక్క వరుసనే చదివి పంపివేయును గనుక, కోటి వరుసలైనను చిన్న యంత్రమునకు భారము కాదు.

జిల్లాలకు బదులు గ్రామములవారీగా విడదీయవలసి వచ్చినచో మాత్రము చిక్కు కలదు. లినక్స్‌లో ఒక ప్రోగ్రాము ఒకేసారి తెరచియుంచగల ఫైళ్లకు సామాన్యముగా 1024 అను పరిమితి యున్నది. గ్నూ వారి ఆక్ కొన్నిటిని మూసి కొన్నిటిని తెరచుచు నెట్టుకొని వచ్చును గాని, అన్ని ఆక్‌లును అట్లు చేయజాలవు. ముందుగా సార్ట్ ఆజ్ఞతో పట్టికను గ్రామనామక్రమమున పేర్చి, పేరు మారినప్పుడెల్ల పాత ఫైలును మూసివేయుట మేలు.

అసలు ప్రమాదము ఇవన్నియు గాక, ఆ మూడవ గడిలోనే యున్నది. ఆక్ అక్షరములను పోల్చును గాని అర్థమును గ్రహింపదు. ‘రంగారెడ్డి’ యని ఒకరు, ‘రంగా రెడ్డి’ యని విడదీసి మరియొకరు, పేరు వెనుక కంటికి కనబడని ఖాళీతో వేరొకరు వ్రాసియున్నచో, ఒకే జిల్లాకు మూడు ఫైళ్లు పుట్టును. చిరునామా గడిలో కొటేషన్ గుర్తుల నడుమ కామా యుండినచో లెక్క జరిగిపోయి, జిల్లా పేరు రావలసిన చోట వీధి పేరు వచ్చును; 2023లో వెలువడిన కొత్త ఆక్‌లు, అట్లు చేయుమని ఆజ్ఞాపించినచో, సీ.ఎస్.వి. అను ఈ కామాల పద్ధతిని గుర్తింపగలవు గాని, పాతవి గుర్తింపవు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినవి. ఒకే విజయవాడ యింటిలో తల్లి పేరు పాత నమోదు ననుసరించి కృష్ణా ఫైలులోనికిని, కుమారుని పేరు కొత్త నమోదు ననుసరించి ఎన్.టి.ఆర్. జిల్లా ఫైలులోనికిని పోవుట కేవలము ఊహ కాదు. నమోదులను సరిచేయని చోట అట్లే జరుగును. అపుడు ఆ తల్లి ఎన్.టి.ఆర్. జిల్లా కార్యాలయమునకు పోయి అడిగినచో, అక్కడి జాబితాలో తన పేరు లేదనియే సమాధానము వచ్చును.

కావున విడదీయుటకు పూర్వమే ఆ కాలమ్‌లోని భిన్నమైన పేర్లన్నిటిని, ఏ పేరు ఎన్ని వరుసలయందున్నదో ఆ సంఖ్యతో సహా రాబట్టి, జిల్లాల నెఱిగిన మనిషి కొకరికి చూపవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. ఆ కాలమ్‌ను వేరుచేసి యిచ్చినచో, సార్ట్, యూనిక్ అను రెండు ఆజ్ఞలు ఆ జాబితాను సమకూర్చును. 33 పేర్లుండవలసిన చోట 41 కనబడినచో, ఆ ఎనిమిదింటి సంగతి తేల్చగలవాడు ఆ ప్రాంతమున పనిచేసిన గుమాస్తాయే గాని ప్రోగ్రామరు కాడు. ఇంతటి సులభమైన పరిశీలనను సమయము లేదను నెపమున విడిచిపుచ్చుట నాకు అన్యాయముగా తోచుచున్నది.

విడదీసిన పిమ్మట, కాలమ్‌ల పేర్లుగల మొదటి వరుస ప్రతి ఫైలునందును చేరినదో లేదో చూచుకొని, దానిని మినహాయించి అన్ని ఫైళ్ల వరుసలను కూడవలెను. ఆ మొత్తము, మూలఫైలులో ఆ మొదటి వరుస పోగా మిగిలిన వరుసల సంఖ్యతో సరిపోవువరకు ఏ ఫైలును జిల్లాకు పంపరాదు.