నగర ప్రణాళికయు గోస్థని జలమును

వాతావరణ మార్పు నెదుర్కొనుటకై మహానగరములు నేడు ప్రణాళికలు ప్రకటించుచున్నవి. వేసవి తీవ్రతయు, అకాలవర్షములును, తుపానుల తాకిడియు ఎల్లరకు అనుభవైకవేద్యములైయుండగా ఇట్టి ప్రయత్నములు జరుగుట శ్లాఘనీయమే. కాని యివి మహానగరవాసుల వ్యవహారములనియు, విజయనగరము, శ్రీకాకుళము జిల్లాల రైతులకును చిన్నపట్టణముల పౌరులకును వీనితో నిమిత్తము లేదనియు తలచువారు మనలో పెక్కురు గలరు. ఈ తలంపు సరికాదు. నగరము తన భవిష్యత్తును నిర్ణయించుకొనుటయన, ముందుగా తన నీటిని నిర్ణయించుకొనుటయే. విశాఖపట్టణమునకు బోవు నీటిలో కొంత మన జిల్లానుండియే పోవుచున్నది.

ఇట్టి ప్రణాళిక లెట్లు పుట్టినవో, ఎచ్చట ఫలించినవో మొదట పరిశీలింతము. 2010 మే నెలలో అహమ్మదాబాదు నగరమున వడగాడ్పులు వీచెను. ఆ యొక్క నెలలో సాధారణముకంటె 1,344 మరణము లధికముగా సంభవించెనని పరిశోధకులు పిమ్మట లెక్కగట్టిరి. 2013లో ఆ నగరపాలకసంస్థవారు వడగాడ్పుల ప్రణాళికను అమలులో పెట్టిరి. అందు గంభీరమైన సిద్ధాంతము లేవియు లేవు. హెచ్చరిక వచ్చినంతనే ఎవరు ఎవరికి వర్తమానము పంపవలెనో, ఆసుపత్రులవా రేమి చేయవలెనో, ఈ పనినంతను నడపు అధికారి యెవరో అందు వ్రాసియున్నది. దాని బలమంతయు అదియే. బొంబాయి నగరమువారు 2022 మార్చిలో ప్రకటించిన ప్రణాళిక నికర ఉద్గారములను 2050 నాటికి శూన్యము చేయవలెనని లక్ష్యము పెట్టుకొన్నది. లక్ష్యము ఘనమైనదే, కాని నేటి అధికారులలో నాటికి సమాధానము చెప్పుటకు మిగులు వారెందరు? కావున ఏ నగర ప్రణాళికనైనను మూడు ప్రశ్నలతో తూచవలెను. ప్రతిపనికిని బాధ్యు డెవడు? పైక మెక్కడిది? ఈ సంవత్సరమున జరుగున దేమి?

ఇక మన విశాఖపట్టణము సంగతి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఆ నగరమును అతలాకుతలము చేసిన సంగతి పాఠకులు మరచియుండరు. ఆ దెబ్బతో నగరము మేలుకొనెను. వీధిదీపములను ఎల్.ఇ.డి. దీపములుగా మార్చిరి. ప్రపంచబ్యాంకు ఋణముతో విద్యుత్తీగలను భూగర్భమున వేయు పని చేపట్టిరి. ముడసర్లోవ జలాశయముపై నీట తేలు సౌరవిద్యుత్ఫలకముల నమర్చిరి. 2021లో కేంద్రప్రభుత్వమువారు నగరముల సన్నద్ధతను పరీక్షించి నాలుగు నక్షత్రముల శ్రేణి నొసగిన తొమ్మిది నగరములలో విశాఖపట్టణ మొకటి. ఇందులకు మేమును సంతసించుచున్నాము. ఐనను ఈ పనులన్నియు నగరపు పొలిమేరలోపలివే. పొలిమేరకు ఆవల నున్న ఆధారము మాట యేమి?

తాటిపూడి జలాశయము విజయనగరము జిల్లా గంట్యాడ మండలమున గోస్థనీనదిపై 1960 దశకములో నిర్మింపబడినది. ఈ జిల్లాలో సుమారు 15 వేల యెకరములకు సాగునీరును, విశాఖపట్టణమునకు త్రాగునీరును ఇచ్చుట దాని యుద్దేశము. నాడు విశాఖపట్టణము చిన్నది. 2011 జనాభాలెక్కల నాటికి నగరపాలకసంస్థ పరిధిలోని జనము 17 లక్షలు దాటెను. నగరము పెరుగుచున్నది, నది పెరుగుట లేదు. వానలు సకాలమున కురిసిన యేట ఈ చిక్కు కంటబడదు. వాన ముఖము చాటుచేసిన యేట కొళాయియు కాలువయు ఒకే నీటికై చేయి చాచును. వాతావరణ మార్పువలన అట్టి యేండ్లు తరచుగా వచ్చునేని, ఆ వంతుల తగవు తీర్చుటకు ముందుగా నేర్పరచుకొన్న నియమ మేది? గుక్కెడు నీటికి ప్రథమస్థానము ధర్మమే. దానిని మన రైతు లెవ్వరును కాదనరు. కాని వారికి మిగులు నీరెంతయో నారు పోయకముందే తెలియవలెను గదా! పైరు పొట్టమీదికి వచ్చిన పిదప నీరు లేదనుట న్యాయము గాదు.

నగరము ఎగువకు చూపు సారించుట క్రొత్త సంగతి గాదు. 2006 ఆగష్టులో తాపీనది వరదలో మునిగిన సూరతు నగరమువారు, తమ రక్షణ సుమారు నూరు కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయి ఆనకట్టపై నాధారపడియున్నదని గ్రహించి, ఆనకట్ట అధికారులతో గలసి వరద హెచ్చరికల పద్ధతి నేర్పరచుకొనిరి. అమెరికాలో న్యూయార్కు నగరమువారు 1997లో ఎగువనున్న గ్రామములతో ఒడంబడిక చేసికొని, నీరు చెడకుండ తమ పొలములను కాపాడు రైతులకు నగరపు సొమ్ముతో సహాయము చేయుచున్నారు. ఎగువవారి శ్రమకు దిగువవారు వెల యిచ్చుట అచ్చట దానము గాదు, లెక్క.

మనకు చట్టపు ఆధారమును లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగసవరణము పది లక్షల జనము మించిన ప్రతి మహానగర ప్రాంతమునకు ఒక ప్రణాళికాసంఘ ముండవలెనని విధించినది. అందు మూడింట రెండువంతులకు తక్కువగాకుండ సభ్యులను పురపాలక సంస్థలలో ఎన్నికైన సభ్యులును పంచాయతీల అధ్యక్షులును తమలోనుండి ఎన్నుకొనవలెను. నీటి పంపకము ఆ సంఘము చర్చింపవలసిన విషయములలో ఒకటియని రాజ్యాంగమే చెప్పుచున్నది. 2022 ఏప్రిల్ నాటి జిల్లాల విభజనచే నది పుట్టు అనంతగిరి కొండలు ఒక జిల్లాలోను, జలాశయ మొక జిల్లాలోను, నగరము వేరొక జిల్లాలోను చేరెను. మువ్వురు కలెక్టరుల నడుమ నున్న నదికి ఇట్టి ఉమ్మడి సభ మరింత అవసరము.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, విశాఖ ప్రణాళిక గోస్థని పుట్టుచోటనే ఆరంభము కావలెను. కొండలపై చెట్లను నిలుపుటకును, గెడ్డలను బాగుచేయుటకును, జలాశయమున పూడిక తీయుటకును నగరపు ఆదాయములో కొంత భాగము ప్రత్యేకింపవలెను. రెండవది, వర్షము తక్కువైన యేట నీటి వంతులెట్లుండునో ఆయకట్టు రైతుల ప్రతినిధులతో గలసి ముందుగా నిర్ణయించి ప్రకటింపవలెను. మూడవది మన పట్టణముల కర్తవ్యము. 2018లో తిత్లీ ఉద్దానపు కొబ్బరి, జీడితోటలను నేలగూల్చెను. 2021లో గులాబు తుపాను కళింగపట్నపు చేరువ తీరము దాటెను. ఇన్ని దెబ్బలు తినియు విజయనగరము, శ్రీకాకుళము తమ చెఱువులకు, తమ తుపానులకు, తమ వేసవికి తగిన ప్రణాళికలు లేకుండ నుండరాదు. ప్రణాళికకు ప్రాణము ప్రజాప్రతినిధి. 2021 మార్చిలో 12 నగరపాలకసంస్థలకు ఎన్నికలు జరిగినపుడు విజయనగరము అందుండెను, శ్రీకాకుళము లేకుండెను. అడుగువారు లేనిచోట సమాధానము చెప్పువారు నుండరు.

ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్వుట మన కలవాటైనది. గోస్థని విషయమున నైనను నుయ్యి ముందు త్రవ్వుకొందము. విశాఖపట్టణము వర్ధిల్లుటకు మన మడ్డుపడము. అది మన పిల్లల చదువులకును మన పంటలకును సంతయైన నగరము. కాని నీరు మనదియు నిర్ణయము వారిదియునైన పద్ధతి చిరకాలము సాగనేరదు. నగరపాలకసంస్థవారు తమ తదుపరి ప్రణాళికను వ్రాయుటకు కూర్చుండునపుడు తాటిపూడి రైతుకును ఆ సభలో ఒక పీఠము వేయింతురుగాక.