ఫైరింజన్ లేటుగా రాలేదు, మనమే రానీలేదు

ఈ పోస్టు చదివినాక నాలుగు రోజులు నాతో మాట్లాడనోళ్లు మన ఊళ్లోనే ఉంటారని తెలిసే రాస్తా ఉండాను. టీ అంగడి కాడ నెల రోజుల నుంచి ఒకటే మాట. "వామి మొత్తం కాలిపోయినాక వచ్చారయ్యా ఫైరింజనోళ్లు, బూడిదకి తానం చేయించి పోయారు" అని. అందరూ నవ్వుతారు. మొదటి రోజు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలా. ఎందుకంటే ఆ రాత్రి ఏం జరిగిందో నాకు తెలుసు, మీకూ తెలుసు.

తెలియనోళ్ల కోసం చెప్తా. కోతలు అయిపోయి, ఎడగారుకి దుక్కులు ఇంకా మొదలు కాని రోజులు. కింది వీధిలో తమ్ముడి గడ్డివామికి రాత్రి పదకొండు గంటలప్పుడు నిప్పంటుకుంది. పక్కనే బర్రెల కొట్టం. 101కి ఫోన్ చేశాం, వెంటనే ఎత్తారు. టౌన్ నుంచి బయల్దేరిన బండి అరగంటలో మన ఊరి మలుపు కాడికి వచ్చేసింది. నేను ఫోన్లో టైమ్ చూసుకున్నా కాబట్టి చెప్తా ఉండా. ఆ మలుపు నుంచి వామి కాడికి రెండు కిలోమీటర్లు. ఆ రెండు కిలోమీటర్లకి నలభై నిమిషాలు పట్టింది.

ఎందుకు పట్టింది? రోడ్డు నిండా ఒడ్లు. చుట్టూతా అంచుకి రాళ్లు, రాళ్ల మధ్యలో కంప. రోడ్డు పక్కన రెండు ట్రాలీలు, ఒకటి గడ్డి లోడుతో. డ్రైవరు దిగి రాళ్లు తీస్తా ఉంటే, నిద్రలేచి వచ్చిన ఒక పెద్దమనిషి "ఒడ్ల మీద ఎక్కిస్తే నూకలైపోతాయి, పట్టలు లాగిందాకా ఆగండి" అన్నాడంట. ఆయనెవరో నేను రాయను. ఆ ఒడ్లల్లో నావి కూడా పది బస్తాల దాకా ఉన్నాయి కాబట్టి రాసే హక్కు నాకు లేదు.

వామి పోయింది. కొట్టం పోయింది. కట్టు విప్పలేక ఒక చూడి బర్రె పోయింది. నెలలోపే ఈనాల్సిన బర్రె అది.

ఒడ్లు రోడ్డు మీద ఎందుకు పోస్తామో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిషన్ కోత ఒడ్లు పచ్చిగా వస్తాయి, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వెనక్కి పంపుతారు, ఊళ్లో కల్లం లేదు. పంచాయతీకో సిమెంటు కల్లం కావాలని అడగాల్సిందే, గట్టిగానే అడుగుదాం. కానీ కల్లం వచ్చిందాకా రోడ్డుకి ఒక పక్కే పోసుకుని, రెండో పక్క పదడుగులు వదిలితే మన సొమ్మేం పోతుంది? ఫైరింజన్ వెడల్పు ఎనిమిదడుగులకి పైనే. అందులో నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు. అది స్కూటర్ మాదిరి అంచెంబడి దూరిపోయే బండి కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్తా, అసలు పోస్టు దాని గురించే.

వామికి రెండు వందల గజాల దూరంలో నా షెడ్డు. షెడ్డులో ట్రాక్టరు, ఐదు వేల లీటర్ల నీళ్ల ట్యాంకరు, రెండంగుళాల పంపు. మంట చూడగానే పరిగెత్తా. సెల్ఫ్ కొడితే టక్ టక్ అన్నది, అంతే. బ్యాటరీ డౌన్. పక్కింటి అబ్బాయి ఇంకో బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలిస్తే స్టార్టయింది, పది నిమిషాలు పోయాయి. ట్యాంకరు తగిలించుకుని సందు మొదట్లోకి వచ్చేసరికి ఎడమ టైరు ఢామ్మని పేలింది. అక్కడే ఆపి, కాలవలో పైపు వేసి పంపు ఆడిస్తే చుక్క నీళ్లు లాగలా. ఫుట్‌వాల్వ్ తోలు ఎండి బిగుసుకుపోయింది. ఫైరింజన్ మన ఒడ్ల కాడ ఇరుక్కున్నంత సేపూ, ఇక్కడ నా మూడు సామాన్లు మూడు చోట్ల నన్ను నిలబెట్టాయి. అన్నీ కొన్నప్పుడు మంచివే. పని చేసి అరిగిపోలేదు. షెడ్డులో నిలబడి నిలబడి చచ్చిపోయాయి.

మీరు వెంటనే అంటారు, "వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయొచ్చు గదా" అని. అన్నా, నేను చేసింది అదే! ఈ ఐదు నిమిషాల సలహా ఎవడు కనిపెట్టాడో గాని, ఊరూరా మెకానిక్ కానోళ్లందరూ ఇదే చెప్తారు. సెల్ఫ్ ఒక్కసారి తిరిగితే బ్యాటరీలోంచి చాలా కరెంటు లాగుతుంది. ఐదు నిమిషాలు స్లోలో ఆడితే అది తిరిగి ఎక్కదు. వారం వారం కొంచెం కొంచెం తగ్గుతా, తక్కువ ఛార్జింగులో నిలబడ్డ బ్యాటరీకి లోపల ప్లేట్ల మీద సల్ఫేటు పేరుకుంటుంది. ఇంకొకటి. డీజిల్ మండితే పొగతోపాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. సైలెన్సర్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది, వేడెక్కక ముందే ఆపేస్తే లోపలే నీళ్లై తుప్పు పట్టిస్తుంది. ఐదు నిమిషాలు స్టార్ట్ చేసేదానికన్నా చేయకుండా బ్యాటరీ వైరు ఊడబీకి పెట్టడం మేలు. చేస్తే అరగంట చేయండి, ఊరికే ఆడించకుండా లోడు మీద చేయండి. ట్యాంకరు తగిలించుకుని కట్ట మీదుగా ఒక రౌండు తిప్పుకుని రండి, టైర్లు కూడా తిరుగుతాయి.

టైరు సంగతి. పేలిన టైరు మీద బటన్లు కొత్తవి మాదిరే ఉన్నాయి. మనం బటన్లు చూసి టైరు బాగుంది అనుకుంటాం. సైడు గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి, చూసుకోండి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. నాది దాదాపు అంత పాతదే. ఎండలో, ట్యాంకరు బరువు మోస్తా ఒకే చోట నిలబడితే రబ్బరు పగుళ్లిస్తుంది, అరగాల్సిన పనే లేదు. రాత్రి అన్నం తిన్నాక సెల్ లైటు పట్టుకుని మీ ట్రాలీ టైర్ల అంకెలు చదవండి. చాలా మందికి మర్నాడు ఆ ట్రాలీ ఎక్కాలంటే భయమేస్తుంది.

ఫైరింజన్ జబ్బు కూడా ఇదే. అది బస్సు మాదిరి రోజూ తిరగదు, నెలలో ఎక్కువ రోజులు నిలబడే ఉంటుంది. కదిలిందంటే మాత్రం చల్లని ఇంజన్ మీదే ఫుల్లు వేగం. అక్కడికి పోయాక బండి కదలదు, పీటీవో మీద పంపు గంటలు గంటలు ఆడుతుంది. మన ట్రాక్టరుకి మీటరులో గంటలు ఎందుకు పెట్టారు? కిలోమీటర్లు చూస్తే దాని చాకిరీ తెలియదు కాబట్టి. ఫైరింజన్‌కీ అదే లెక్క. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్నేళ్లయింది అని మాత్రమే చూస్తే దాని సంగతి సగం కూడా అర్థం కాదు.

2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన సర్కారు బండ్లకి రిజిస్ట్రేషన్ ఉండదని కేంద్రం రూలు పెట్టింది. పాత బ్రేకులు, పాత బాడీ పోతే మంచిదే, నాకు అభ్యంతరం లేదు. నేను అడిగేది వేరే. కొత్త బండి వచ్చిన రోజు జెండా ఊపేదానికి, కొబ్బరికాయ కొట్టేదానికి అందరూ వస్తారు, ఫొటో పేపర్లో పడుతుంది. మూడేళ్ల తర్వాత దానికి బ్యాటరీలు, హోస్ పైపులు, పంపు సీళ్లు మార్చే డబ్బుల గురించి మాట్లాడే నాయకుణ్ణి నేనింతవరకూ చూడలా. మనం అడగం, వాళ్లు చెప్పరు. ఊళ్లోకి ఓట్లకొచ్చినప్పుడు రోడ్డు అడుగుతాం, కల్యాణ మండపం అడుగుతాం. మన మండలానికి ఏ స్టేషన్ నుంచి బండి రావాలి, అక్కడ బండ్లెన్ని, డ్రైవర్లెందరు అని ఒక్కరం అడిగామా? ఎయిర్‌పోర్టులో విమానం కాడికి ఫైరింజన్ మూడు నిమిషాలు దాటకుండా చేరాలని అంతర్జాతీయ లెక్క ఉంది. దానికోసం బండిని పొద్దున్నే ఆడించి చూసి, రడీగా పెట్టుకుంటారు. మనకి మూడు నిమిషాలు కుదరదు, ఒప్పుకుంటా. ఒక లెక్కంటూ ఉందా అనేదే నా ప్రశ్న.

"పన్నులు కడతా ఉండాం, మంటలార్పేది మన పనా?" అని ఒకాయన నాతో వాదించాడు. అమెరికాలో ఉండే మన పిల్లల్ని అడగండి. అక్కడ ఫైర్‌మెన్లలో సగానికి పైగా జీతం లేని వాలంటీర్లు. పల్లెల్లో అయితే రైతులు, మెకానిక్కులు, బళ్లో పంతుళ్లు. జర్మనీ పల్లెల్లోనూ అంతే. అంత డబ్బున్న దేశాల్లోనే ఊరోళ్లు బండి చూసుకుంటుంటే, మన ట్యాంకరు మనం చూసుకోవడం నామోషీనా?

మన కుర్రోళ్లకి బండ్ల మీద ప్రేమ లేదని నేననను. ట్రాక్టరుకి నీలం లైట్లు, ఎర్ర లైట్లు, నాలుగు సౌండు బాక్సులు, ముందు కుచ్చులు, వెనకాల హీరో బొమ్మ. సంక్రాంతికి తోమినట్టు తోముతారు. ఆ లైట్ల వైర్లు ఎట్టా లాగారో చూడండి ఒకసారి. ఫ్యూజు మాటిమాటికీ పోతా ఉందని దాని స్థానంలో రాగి తీగ చుట్టి వదిలేస్తారు. ఫ్యూజు పోతా ఉందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతా ఉందని అది చెప్తా ఉంది నాయనా! తీగ చుడితే దాని నోరు మూసినట్టే. ఆ ట్రాక్టరునే పోయి గడ్డివామికి ఆనించి పెడతారు. కింది వీధి వామి ఎట్టా అంటుకుందో తేలలేదు, నేనెవరి మీదా పెట్టను. ఆ సాయంత్రం వామి పక్కన ట్రాక్టరు నిలబడి ఉన్న మాట మాత్రం నిజం. గడ్డి లోడు ఎత్తు పెంచి వేలాడే కరెంటు తీగల కింద పోనిచ్చేది ఇంకో పిచ్చి. తీగ కిందికి జారితే 1912కి ఫోన్ చేయాలి, కర్రతో ఎత్తి పట్టుకుని బండి పోనీడం కాదు.

"బూడిదకి తానం" అని నవ్వేవాళ్లకి ఇంకో మాట. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైరింజనోళ్లు వారోత్సవాలు చేస్తారు, సరిగ్గా మన గడ్డి వామేసే రోజుల్లో. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడలో పత్తి బేళ్లు రాజుకున్నాయి. అదే ఓడలో పేలుడు మందుగుండు. గంటల తరబడి నీళ్లు కొట్టినా బేళ్ల లోపలి నిప్పు అందలేదు, సాయంత్రం ఓడ పేలిపోయింది. మంటలార్పేదానికి పోయినవాళ్లలో 66 మంది చనిపోయారు. ఆ రోజు గుర్తుకే ఈ వారం. మన వామి కూడా ఆ బేళ్ల లాంటిదే. పైన ఎన్ని నీళ్లు పోసినా లోపల కణకణలాడతానే ఉంటుంది. ఫైరింజన్ ట్యాంకు మామూలుగా 4500 లీటర్లు, రెండు పైపులు విడిస్తే పది నిమిషాల పని. అందుకే వాళ్లు రాగానే అడిగేది జేసీబీ ఎక్కడ, నీళ్లు ఎక్కడ అని. వామిని విడదీసి తడపాలి. మనమేమో చుట్టూ నిలబడి వీడియోలు తీస్తాం.

నీళ్లంటే మన సముద్రం వైపు ఊళ్లకి ఇంకో చిక్కు ఉంది. దగ్గర్లో ఉండేది రొయ్యల గుంట. అవసరానికి ఉప్పు నీళ్లయినా లాగాల్సిందే, మంటకి ఉప్పూ చప్పా తేడా లేదు. కానీ లాగినాక పంపుని, పైపుల్ని మంచినీళ్లతో కడక్కపోతే మళ్లీ ఏడాదికి ఇంపెల్లరు తుప్పు ముద్దవుతుంది. రొయ్యల గుంటలున్నోళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు, వాళ్ల పంపులు చూసే నేను నేర్చుకున్నా.

ఈ నెల్లో నేను చేసింది ఇది. ట్యాంకరుకి రెండు టైర్లు కొత్తవి వేయించా, అప్పు చేసే వేయించా. బ్యాటరీ మార్చా. ఫుట్‌వాల్వ్ కొత్తది బిగించి, పంపు మీద నీళ్లు పోసే బిందె పంపుకే కట్టేశా. డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు వదిలే మర తిప్పితే అర గ్లాసు నీళ్లొచ్చాయి, సిగ్గేసింది. ట్యాంకరు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. షెడ్డు తాళం ఒకటి నా దగ్గర, ఒకటి రామాలయం పక్కనుండే చిల్లరంగట్లో పెట్టా.

ప్రతి ఆదివారం పొద్దున ఆరింటికి ట్యాంకరు తీసి చెరువుకట్ట దాకా పోయి, పంపు వేసి అరగంట ఆడిస్తా. ఇంకో రెండు ట్యాంకర్లున్నాయి మన ఊళ్లో, ఎవరివో మనందరికీ తెలుసు. ఆ అన్నలు కూడా వస్తే మూడు పంపుల పైపులు ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూడాలి. నా కప్లింగ్ రెండంగుళాలది. మీది ఎంతో కొలిచి కింద రాయండి.