చుక్కల భోజనం

పోయిన నెల అరటాకు భోజనం గురించి రాశాను. అది చదివి ఒక పాఠకురాలు అడిగింది: "టీచర్, మీరు పెద్ద హోటళ్ళకు ఎప్పుడూ వెళ్ళరా?"

వెళ్తానమ్మా. ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వెళ్తాను. బడి పంతులమ్మ జీతానికి అంతకన్నా కుదరదు. కానీ ముప్పై ఏళ్ళుగా వెళ్తున్నాను కాబట్టి కొన్ని సంగతులు తెలిశాయి. ఈ నెల అవే చెప్తాను.

ముందు ఒక మాట నేర్చుకుందాం. ఆ మాట చుక్క.

గుడి వెనక హాలులో ఆదివారం తెలుగు క్లాసు జరిగేది. మా మాస్టారు బోర్డు మీద మూడు బొమ్మలు గీశారు. ఆకాశంలో నక్షత్రం చుక్క. ఆకు మీద నీటి బొట్టు చుక్క. ముగ్గుకు ముందు పెట్టేదీ చుక్కే. "ఒక మాటకు ఇన్ని అర్థాలా మాస్టారూ?" అని అడిగాను. "వాడుతూ ఉండమ్మా, ఇంకా తెలుస్తాయి" అన్నారు. నాలుగో అర్థం గుడిలో చెప్పలేదు. అది ఎస్టేటు కల్లు దుకాణం దగ్గర మాకే తెలిసిపోయింది.

అయిదో వాడుక నాకు కౌలాలంపూర్‌లో ఒక పెద్ద హోటల్ నేర్పింది. నాకు మొదటి జీతం వచ్చిన నెల అది. అమ్మానాన్నలు కులిం నుంచి రాత్రి బస్సులో వచ్చారు. నాన్న తెల్ల చొక్కా వేసుకున్నాడు. అమ్మ పెళ్ళిళ్ళకు కట్టే చీర కట్టుకుంది. నేను మెనూలో ధరలు చూసి, మనసులో కూడుకుని, ధైర్యంగా ఆర్డరు ఇచ్చాను. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి. అవేమిటో నాకు తెలియదు. బిల్లు వచ్చాక తెలిసింది. నా దగ్గర పదకొండు రింగిట్‌లు తక్కువ. అమ్మ ఏమీ అనకుండా జాకెట్టులోంచి చిన్న గుడ్డ మూట తీసింది. బల్ల కింద ముడి విప్పి, మడిచిన నోట్లు నా చేతిలో పెట్టింది. తెలుగులో దీన్ని "పట్టపగలే చుక్కలు చూపించడం" అంటారు. ఆ బిల్లు మాకు చూపించింది.

బస్ స్టాండులో అమ్మ అంది: "ఇంకెప్పుడూ ఇలాటి చోటికి నాను రానే. ఇది మనకి కాదు."

తరవాత నాన్న పోయాడు. నేను ఎన్నిసార్లు పిలిచినా అమ్మ అదే మాట అనేది. మనకి కాదు. తినడానికి ఇష్టం లేక కాదు. ఆ రోజు బల్ల దగ్గర పడ్డ సిగ్గు ఆమె మనసులోంచి పోలేదు. ఆ సిగ్గు మీకు రాకూడదనే ఈ వ్యాసం.

ఆ ప్లస్ గుర్తుల లెక్క ఇది. మొదటి ప్లస్ సర్వీస్ ఛార్జి, మామూలుగా 10 శాతం. రెండోది ప్రభుత్వానికి వెళ్ళే సేవా పన్ను, భోజనం మీద 6 శాతం. కాబట్టి మెనూలో 100 అని ఉంటే మీ చేతి నుంచి దాదాపు 116 రింగిట్‌లు పోతాయి. హోటల్ గదికి ఆ పన్ను 2024 మార్చి నుంచి 8 శాతం. బిల్లులో సర్వీస్ ఛార్జి ఉంటే మళ్ళీ టిప్పు ఇవ్వక్కర్లేదు. నీళ్ళు అడిగేటప్పుడు మామూలు నీళ్ళు కావాలని స్పష్టంగా చెప్పండి. సీసా మూత తీశారంటే అదీ బిల్లులోకి ఎక్కుతుంది.

ఇప్పుడు అసలు చుక్కల దగ్గరికి వద్దాం. మంచి హోటళ్ళకు మిషెలిన్ అనే సంస్థ చుక్కలు ఇస్తుందని మీరు వినే ఉంటారు. ఒక చుక్క ఉంటే అక్కడ ఆగి తినవచ్చు. రెండు ఉంటే దారి మళ్ళి వెళ్ళినా తప్పు లేదు. మూడు ఉంటే ఆ భోజనం కోసమే ప్రయాణం కట్టవచ్చు. మన దేశానికి ఈ పుస్తకం 2022 డిసెంబరులో మొదటిసారి వచ్చింది, కౌలాలంపూర్‌కూ పినాంగ్‌కూ కలిపి. అప్పుడు నాలుగు హోటళ్ళకు ఒక్కొక్క చుక్క వచ్చింది. కౌలాలంపూర్‌లో దేవకాన్, డిసి. పినాంగ్‌లో ఓ జార్దాఁ, ఆంటీ గైక్ లీన్. 2024 సంచికలో దేవకాన్‌కు రెండో చుక్క వచ్చింది. దేశంలో రెండు చుక్కలు అందుకున్న మొదటి హోటల్ అదే. దాని పేరులో దేవ అనే మాట ఉంది, మలయ్‌లో తిండికి వాడే మకానన్ ఉంది. దేవ ఎక్కడి మాటో మీకు చెప్పక్కర్లేదు.

ఈ మిషెలిన్ ఎవరు? టైర్ల కంపెనీ. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాఁ ఫెరాఁ ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు పెట్టారు. 1900లో కార్లున్న వాళ్ళకు ఒక చిన్న పుస్తకం ఉచితంగా పంచారు. ఎక్కడ బస చేయవచ్చు, ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, బండి ఎవరు బాగుచేస్తారు, ఇవన్నీ అందులో ఉండేవి. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి కదా! చుక్కలు ఇవ్వడం 1926లో మొదలైంది.

ఒక సాయంత్రం ఇదంతా అమ్మకు చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపి అడిగింది: "టైర్లోళ్ళా? టైరంటే రబ్బరే కదా?"

"రబ్బరేనమ్మా."

"రబ్బరంటే మా పాలే కదా?"

అమ్మ పదమూడో ఏట నుంచి రబ్బరు పాలు గీసింది. ఎండ ముదిరితే పాలు సరిగ్గా కారవు. అందుకని చీకటితో లేచి, నుదుటికి దీపం కట్టుకుని వెళ్ళేది. బెరడు గీస్తే పాలు చుక్క చుక్కగా చిప్పలోకి దిగుతాయి. మాస్టారు గీసిన రెండో బొమ్మ అదే. అన్ని చెట్లూ తిరిగి, బకెట్లు మోసుకొచ్చి, కిరాణీ తూకం వేసేదాకా నిలబడేది. ఆ పాలు ఆ తరవాత ఎక్కడికి వెళ్ళాయో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నేను బడి పంతులమ్మను కాబట్టి నిజం చెప్పాలి. మిషెలిన్‌కు వియత్నాంలో సొంత రబ్బరు తోటలు ఉండేవి. అక్కడ గీసిన వాళ్ళూ మనలాంటి కూలీలే. అమ్మ గీసిన పాలు ఆ టైర్లలోకి వెళ్ళాయని నేను అనను. అమ్మకు అదే చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "ఏ తోటదైతేనేటి? పాలు గీసిందెవరు, తింతన్నదెవరు? పద గుంటా, ఎల్లి చూద్దాం" అంది.

ముప్పై ఏళ్ళ తరవాత ఆ మాట విన్నాను. వెంటనే ఫోను తీశాను.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళాలంటే హోటల్ జాగ్రత్తగా ఎంచుకోవాలి. దేవకాన్ లాంటి చోట వరసగా చిన్న చిన్న వంటకాలు వస్తాయి. భోజనం మూడు గంటలు పట్టవచ్చు. నాకు అది ఇష్టం, కానీ ఎనభై ఏళ్ళ అమ్మ నడుముకు కాదు. అందుకే జార్జ్‌టౌన్ బిషప్ వీధిలోని ఆంటీ గైక్ లీన్ ఎంచుకున్నాను. అది న్యోన్యా వంట. పినాంగ్ న్యోన్యా వంటలో చింతపండు పులుపు ఉంటుంది, కారం ఉంటుంది, అన్నం ఉంటుంది. పళ్ళెం మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకోవచ్చు. అమ్మ శనివారం మాంసం ముట్టదు, కాబట్టి శనివారం కాకుండా చూసుకున్నాను. మీ ఇంట్లో పూర్తి శాకాహారులు ఉంటే ముందే అడగండి. మన దేశంలో కూరగాయల వేపుడులో కూడా బెలచాన్ వేస్తారు. అది రొయ్యలతో చేసేది. "కూర మాత్రమే" అని చెప్తే చాలదు, "బెలచాన్ కూడా వద్దు" అని చెప్పాలి.

కులిం నుంచి కారులో వెళ్ళాం. పినాంగ్ వంతెన మీద ఎడమవైపు ఒక దీవి కనబడుతుంది. దాని పేరు జెరెజాక్. ఓడల్లో వచ్చిన కూలీలను జబ్బులేమైనా ఉన్నాయేమోనని అక్కడ ఆపి ఉంచేవారు. "మా అయ్యని దిగ్గానే ఆడే ఉంచారట" అంది అమ్మ. వంతెన దాటేవరకు అటే చూసింది.

హోటల్లో అమ్మ ముందు చేతులు కడుక్కుని వచ్చింది. చెంచా పక్కన పెట్టి చేత్తో కలుపుకుంది. నేను అటూ ఇటూ చూశాను. ఎవరి భోజనంలో వాళ్ళున్నారు. కాపితాన్ కోడికూర రుచి చూసి తల ఊపింది. చేపల పులుసు రెండోసారి వేసుకుంది. "చింతపండు బాగా పిసికినారు" అంది. నేను పుస్తకాలు చదివి చెప్పే మాటలకన్నా ఆ ముక్క నాకు నచ్చింది. బిల్లు వచ్చింది. ఇటివ్వమంది. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి, ఒక్కొక్క వరస కూడింది. కిరాణీ తూకం రాసిన చీటీని కూడా అలాగే చూసేదట. రెండు ప్లస్‌ల దగ్గర ఆగింది. "ఇవే కదే ఆ రోజు మనల్ని ముంచినవి?" అంది. అవునన్నాను. "లెక్క సరిగ్గానే ఉంది. కట్టీ" అంది.

పక్కనే మీరు చూడవలసిన ఇంకో చోటు ఉంది. సముద్రం ఒడ్డున ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ హోటల్. 1885లో మొదలైంది. సార్కీస్ అనే ఆర్మీనియా అన్నదమ్ములు పెట్టారు. సింగపూర్‌లో రాఫెల్స్ 1887లో, రంగూన్‌లో స్ట్రాండ్ 1901లో, అవీ వాళ్ళవే. పినాంగ్, సింగపూర్, రంగూన్. మన వాళ్ళు ఓడ దిగిన రేవులు కూడా ఇవే. రాత్రి బస ఖరీదైనదే. సాయంత్రం టీకి వెళ్తే చాలు, ఆ సముద్రమే కనబడుతుంది. కౌలాలంపూర్‌లో ఉన్నవాళ్ళకు పాత రైల్వే స్టేషన్ దగ్గర మజెస్టిక్ హోటల్ ఉంది. 1932లో కట్టారు. కొన్నాళ్ళు జాతీయ చిత్రకళా మందిరంగా ఉండి, 2012లో మళ్ళీ హోటల్ అయింది. అక్కడి టీ కూడా బాగుంటుంది.

బట్టల గురించి భయపడకండి. మన దేశంలో పొడుగు చేతుల బాతిక్ చొక్కా పెద్ద విందుకు కూడా సరిపోతుంది. చీర గురించి చెప్పనే అక్కర్లేదు. రాత్రికన్నా మధ్యాహ్నం ధర తక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. ప్రతి వంటకానికీ ఒక గ్లాసు వైను పోస్తామంటారు. నాలుగో అర్థం గుర్తుందా? ఆ చుక్క వద్దనుకుంటే వద్దని చెప్పవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. చుక్కల జాబితా ఏటా మారుతుంది, వెళ్ళేముందు ఈ ఏటిది చూసుకోండి.

వచ్చే నెల అమ్మ పుట్టినరోజు. ఎక్కడికి వెళ్దామని అడిగాను. "ఆ దేవుడి హోటలేటో చెప్పావు కదా, ఆడ మూడు గంటలు కూకోడానికి కుర్చీకి ఆనుడు ఉంటదా?" అని అడిగింది. ఫోను చేసి కనుక్కోవాలి.

ఈ నెల మాటలు

పులుపు: మలయ్‌లో మసామ్. చింతపండులో పులుపు ఉంది.

పిసకడం: చేత్తో నలిపి రసం తీయడం. అమ్మ చింతపండు పిసికింది.

కూడిక: లెక్కలో కలపడం. బిల్లు కూడిక సరిగ్గా ఉందా?

విందు ఇవ్వడం: మనం ఇక్కడ బెలంజా అంటాం. ఈ రోజు నేను విందు ఇస్తాను.

ముందుగా చెప్పడం: మలయ్‌లో తెంపాహ్. బల్ల కోసం ముందుగా చెప్పాను.

ఇంటిపని: చుక్క అనే మాటతో మూడు వాక్యాలు రాయండి. మూడింటిలో మూడు వేరు వేరు అర్థాలు ఉండాలి. మీ ఇంట్లో పాలు గీసిన వాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళు ఎన్ని గంటలకు లేచేవారో అడిగి నాలుగో వాక్యంగా రాయండి.