కొండ వైద్యమునకు సాక్ష్యము

శేషాచలపు టడవులలో పేరిత యను చెట్టు గలదు. తిరుపతి, కడప కొండలలో దక్క లోకమున మరెచ్చటను అది స్వయముగా మొలవదు. 1883లో ఆంగ్ల శాస్త్రజ్ఞు డొకడు దానికి మదరాసు అటవీశాఖాధికారి బెడ్డోము దొర పేరు పెట్టెను. శాస్త్రగ్రంథములలో నేటికిని అది సైకస్ బెడ్డోమియే. దాని మగచెట్టు కంకిని మందుగా వాడ నేర్చిన కొండవారి పేరు మాత్రము అందు గానరాదు.

ఇట్టి యెరుక గలవారిని వెదకి, వారు చెప్పినదానిని అక్షరబద్ధము చేయబూనిన వృక్షశాస్త్రవేత్తలు తిరుపతిలో నుండుట మన భాగ్యము. హెర్బల్ ఫోక్‌లోర్ రిసెర్చి సెంటరుకు చెందిన ఎస్. వేదవతిగారు 1997లో మృదుల, సుధాకర్ గార్లతో గలిసి చిత్తూరు జిల్లా గిరిజన వైద్యమును గ్రంథముగా ప్రకటించిరి. 2008లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు కె. మాధవచెట్టిగారు, శివాజీ, తులసీరావు గార్లతో గూడి జిల్లాలోని పూలమొక్కలన్నిటికిని గ్రంథము సమకూర్చిరి. ఈ పని కూర్చున్నచోట జరుగునది కాదు. పేరు బయటబెట్టిన మందు పారదని నమ్మెడి ముదుసలి యానాది నోరు విప్పుటకే ఎన్ని రాకపోకలో! చూపిన మొక్కను పూతతో, కాయతో దెచ్చి, కాగితముల నడుమ నదిమి, ఆరబెట్టి, ఊరు, తేది, వాడుకపేరు వ్రాసి భద్రపరుపవలెను. ఇదంతయు నేల యందురా? కామెర్లకు వాడు నేలయుసిరినే చూడుడు. ఆ పేర అంగళ్ల కెక్కునది ఒక్క మొక్క కాదు. చూపునకు ఒక్కటే, జాతులు వేరు. నమూనా లేనిచో చెప్పిన మాట గాలిమాట.

2002 నాటి జీవవైవిధ్య చట్టము మొక్కలనుండియు, వానిగూర్చిన జానపద విజ్ఞానమునుండియు వచ్చు లాభములో, దానిని కాపాడినవారికి వాటా నిచ్చినది. 2023 సవరణ ప్రామాణిక వైద్యగ్రంథముల కెక్కిన విజ్ఞానమును ఈ లెక్కనుండి తప్పించినది. చరకుని మాట సరే. యానాదులది నోటి విద్య, గాన వారి హక్కు నిలిచియే యున్నది. అయిన నేమి? అది వారిదని చెప్పు సాక్ష్య మేది? రేపొక మందుల కంపెనీ యిది మా పరిశోధన యన్నచో, ఎదుట బెట్టుటకు వృక్షశాస్త్రవేత్త వ్రాసిన చీటీ తప్ప మరేమున్నది? కేరళమున 1987లో కాణి గిరిజనులు అడవిలో శాస్త్రజ్ఞులకు ఆరోగ్యపచ్చ యను మొక్కను జూపిరి. దానినుండి పుట్టిన జీవని మందు లైసెన్సు రుసుములోను, రాయల్టీలోను సగము వారికి చేరునట్లు ఒప్పందమైనది. ఎవరు చూపిరో తెలిసియుండుటచేతనే గదా!

ప్రకటించినదానిని దోచువాడును చదువునను శంక న్యాయమే. మందు చేయు రీతిని చెప్పినవారి సమ్మతి లేక అచ్చొత్తింపరాదని మేమును అందుము. కాని చెప్పినవారి పేరు దాచుట వారికి మేలు కాదు. చట్టప్రకారము ప్రతి స్థానిక సంస్థకును ప్రజా జీవవైవిధ్య పట్టిక యుండవలెను. అది తెలుగున నుండవలెను. చెప్పినవారి పేరు, పల్లె, నమూనా సంఖ్య అందు జేరవలెను. ఒక ప్రతిని వారి చేతి కీయవలెను. తిరుపతి, చిత్తూరు పురజనులారా, మీ పట్టికను చూపుడని అడుగుడు. అందు ఒక్క యానాది పేరైన నున్నదా?