తల్లికి చేరాల్సింది బిడ్డ సంగతి

తెలుగు రాష్ట్రాల్లో బడులు జూన్ 12న తెరుస్తారు. అప్పటికి మృగశిర కార్తె వచ్చి నాలుగైదు రోజులవుతుంది. పిల్లలకు కొత్త పుస్తకాలు, యూనిఫాం, బూట్లు అందే వేళకే ఇంట్లో దుక్కులు, విత్తనాల హడావుడి మొదలవుతుంది. జులై, ఆగస్టు నెలల్లో బడిలో మొదటి పరీక్షలు, ఆధార్ సవరణలు, అపార్ (విద్యార్థి గుర్తింపు సంఖ్య) నమోదు, నులిపురుగుల మాత్రలు, పంద్రాగస్టు ఏర్పాట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చిపడతాయి. ఊళ్లో అవి నాట్లు, కలుపుల రోజులు. అంటే బడికి ఊపిరాడని నెలల్లోనే ఇంటికీ తీరిక ఉండదు. ఒకరి సంగతి ఒకరికి బాగా తెలియాల్సిన ఆ నెలల్లోనే రెండింటి మధ్య మాట బాగా తగ్గిపోతోంది.

మాట తగ్గిందంటే టీచర్లు ఒప్పుకోకపోవచ్చు. ప్రతి తరగతికీ వాట్సాప్ గ్రూపు ఉంది, రోజూ మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాం అంటారు. నిజమే. ఆ గ్రూపుల్లో ఉండేదేమిటో చూస్తే అసలు లోటు తెలుస్తుంది. రేపు ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు తీసుకురండి. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ పంపండి. సోమవారం బడికి సెలవు. మధ్యమధ్య మండలం నుంచి వచ్చిన ఇంగ్లిష్ ఉత్తర్వు యథాతథంగా ఫార్వర్డ్. ఇవన్నీ బడి తన అవసరం కోసం ఇంటిని అడుగుతున్నవి. రెండో తరగతి చదివే పాపకు గుణింతాలు వచ్చాయా, వాచకంలో ఒక పేరా కూడబలుక్కోకుండా చదువుతోందా, పక్కవాళ్లతో కలుస్తోందా, మధ్యాహ్నం అన్నం తింటోందా అన్న కబురు మాత్రం ఆ గ్రూపులో రాదు.

చట్టం అడిగింది ఈ కబురునే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలోని 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశం కావాలనీ, బిడ్డ హాజరు ఎలా ఉందో, నేర్చుకునే శక్తి ఎలా ఉందో, చదువులో ఎంత ముందుకెళ్లిందో తెలియజేయాలనీ అందులో స్పష్టంగా ఉంది. పాఠం చెప్పడం, సమయానికి బడికి రావడం ఎంత విధో ఇదీ అంతే విధి. సిలబస్ పూర్తయిందా అని అడిగే తనిఖీ అధికారులు ఈ పని జరిగిందా అని ఎంత తరచుగా అడుగుతున్నారో ఆలోచించాలి.

బిడ్డ చదువు సంగతి ఇంటికి చేరకపోతే నష్టం ఎంతో, గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 నివేదికను బట్టి ఊహించవచ్చు. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. మిగతా పిల్లలూ రోజూ సంచి తగిలించుకుని బడికి వెళ్లేవాళ్లే, ఏటా పై తరగతికి జరిగేవాళ్లే. ఇంట్లో చదువుకున్నవాళ్లు లేకపోతే బిడ్డకు చదవడం రాలేదన్న సంగతి ఏ ఆరో తరగతిలోనో, ఏడులోనో బయటపడుతుంది. రెండో తరగతిలో నెల రోజుల శ్రద్ధతో సరిదిద్దగలిగినది అప్పటికి కొండంత అవుతుంది. తల్లికి ముందే తెలిసుంటే పక్కింటి ఇంటర్ పిల్లనైనా సాయంత్రం కాసేపు కూర్చోబెట్టమని అడిగేది.

ఫోన్లు పెరిగాయి కాబట్టి ఈ పని సులువైందనుకోవడంలో సగమే నిజం. అసర్ లెక్కల్లోనే బడి పిల్లలున్న గ్రామీణ ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36 శాతం, 2022 నాటికి దాదాపు 75 శాతం. పెరుగుదల పెద్దదే. కానీ ఫోన్ ఇంటికి ఒకటి, అదీ చాలాచోట్ల తండ్రి జేబులో. ఆయన ఆటో మీదో, మేస్త్రీ పనిలోనో ఉంటాడు. బిడ్డకు తల దువ్వి బడికి పంపే తల్లికి ఆ మెసేజ్ రాత్రికి గానీ చేరదు, చేరినా చదవగలదన్న నమ్మకం లేదు. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 59.15 శాతం. ఆ తర్వాత చదువుకున్న తల్లులు పెరిగారు. అయినా మనవణ్ని సాకుతున్న నానమ్మలు, అమ్మమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లకు నాలుగు పేరాల మెసేజ్ కంటే టీచరమ్మ గొంతుతో వచ్చే అర నిమిషం వాయిస్ మెసేజ్ ఎంతో మేలు. ఆ గొంతు వాళ్లకు తెలుసు. దాన్ని మళ్లీ మళ్లీ వినవచ్చు, పక్కవాళ్లకూ వినిపించవచ్చు.

చెప్పే తీరులోనూ తేడా ఉంది. ఒకటో తరగతి పిల్లల ఆధార్ సంగతే చూడండి. ఐదేళ్లలోపు తీసిన ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప గుర్తులు ఉండవు. ఐదు నిండాక వాటిని ఇచ్చి కార్డును సవరించుకోవాలి. ఐదు నుంచి ఏడేళ్ల మధ్య చేయిస్తే రుసుము లేదు. గ్రూపులో మాత్రం ‘ఆధార్ అప్‌డేట్ వెంటనే చేయించండి, అర్జెంట్’ అని మాత్రమే వస్తుంది. ఎందుకో, ఎక్కడో, ఏ కాగితం పట్టుకెళ్లాలో ఉండదు. ఆ తల్లి కూలి మానుకుని, బిడ్డను బడి మాన్పించి మండల కేంద్రానికి వెళ్తుంది, కావాల్సిన కాగితం ఇంట్లోనే ఉండిపోయిందని తెలిసి వెనక్కి వస్తుంది. మర్నాడు మళ్లీ ప్రయాణం. రెండు వాక్యాలు అదనంగా రాస్తే ఒక కూలి మిగిలేది.

నులిపురుగుల నివారణ దినమూ అంతే. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు. కడుపులో పురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు మాత్ర వేసుకున్నాక కాస్త వికారం, కడుపునొప్పి రావచ్చు, కాసేపటికి తగ్గిపోతుంది. ఆ రోజు జ్వరమో, మరో జబ్బో ఉన్న పిల్లలకు మాత్ర వేయరు. మొదటి రోజు తప్పిపోయినవారికి తర్వాత మరో రోజు వేస్తారు. ఈ నాలుగు ముక్కలూ ముందురోజు ఇంటికి చేరితే తల్లి నిశ్చింతగా బిడ్డను పంపుతుంది, జ్వరముంటే ఆ మాట టీచర్‌కు చెబుతుంది. చేరకపోతే ఎవరో ఒకరు వాంతి చేసుకున్నారన్న వార్త ఊరంతా పాకి, మరుసటి విడతకు సగం తరగతి ఇంట్లోనే ఉండిపోయే ప్రమాదం ఉంది.

డబ్బు విషయంలో మౌనం మరీ చేటు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం పథకం కింద 2025లో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయించి, అందులో 2,000 పాఠశాలల నిర్వహణకు మినహాయించి 13,000 తల్లుల ఖాతాల్లో వేశారు. బిడ్డ పేరిట వచ్చిన సొమ్ములో కొంత బడి నిర్వహణకు వెళ్తున్నప్పుడు దానితో ఏం చేశారో తెలుసుకునే హక్కు ఆ తల్లికి ఉంది. మరుగుదొడ్డికి నీళ్లు వచ్చాయా, తలుపు బిగించారా, ఎంత ఖర్చయింది అన్నది బడి గోడ మీద తెలుగులో రాసిపెట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ఇదంతా చూసుకోవడానికి కమిటీలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1998లోనే సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చి విద్యా కమిటీలు వేశారు. విద్యాహక్కు చట్టం వచ్చాక పాఠశాల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలన్నారు, మొత్తం సభ్యుల్లో సగం స్త్రీలు ఉండాలన్నారు. తెలంగాణలో 2024లో పొదుపు సంఘాల మహిళలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మరమ్మతుల పనులు అప్పగించారు. కాగితం మీద లోటు లేదు. కానీ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడ పదింట తొమ్మిది కుటుంబాలకు గ్రామ విద్యా కమిటీ అనేది ఒకటుందనే తెలియదు. సభ్యుల్లోనే ఇంచుమించు నాలుగోవంతు మందికి తాము సభ్యులమన్న సంగతి తెలియదు. సభలు పెట్టి హక్కుల గురించి చెప్పినా ప్రభుత్వ బడి వ్యవహారాల్లో తల్లిదండ్రుల ప్రమేయం పెరగలేదు. చదవడం నేర్పే సులువైన పద్ధతిలో తర్ఫీదు ఇచ్చినచోట మాత్రం ఊరి యువకులు ముందుకొచ్చి పిల్లలను కూర్చోబెట్టుకున్నారు. వచ్చిన పిల్లలకు చదవడం వచ్చింది. ఊరు కదలాలంటే చేయదగ్గ పని ఒకటి చేతికివ్వాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్-టీచర్ సమావేశం పెట్టారు. బాపట్లలో ముఖ్యమంత్రి పాల్గొన్నారు. 2025 జులై 10న రెండోసారి జరిగింది, ఆయన శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికి వెళ్లారు. ప్రోగ్రెస్ కార్డులు చేతికిచ్చారు, కలిసి భోజనాలు చేశారు. ఎన్నడూ బడి గేటు దాటని తండ్రులు ఆ రోజు లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఆ గౌరవం విలువైనదే, కొనసాగాలి. అయితే పండగ రోజున వందమంది నడుమ ఒక తల్లి తన బిడ్డ వెనకబాటు గురించి మనసు విప్పి అడగలేదు, టీచర్ తీరిగ్గా చెప్పలేడు. ఉపన్యాసాలకు, ఫొటోల అప్‌లోడ్‌కు పట్టే సమయంలో కొంతైనా ఒక్కో తల్లితో విడిగా పది నిమిషాలు మాట్లాడటానికి కేటాయిస్తే ఆ సమావేశం విలువ రెట్టింపవుతుంది.

విడిగా మాట్లాడితే ఫలితం ఉంటుందా? కోవిడ్‌లో బడులు మూసినప్పుడు ఆఫ్రికాలోని బోట్స్వానాలో దీన్నే పరీక్షించి చూశారు. సుమారు 4,500 కుటుంబాలు పాల్గొన్నాయి. కొన్ని ఇళ్లకు వారానికోసారి లెక్కలు ఎస్‌ఎంఎస్‌లో పంపారు. మరికొన్ని ఇళ్లకు ఎస్‌ఎంఎస్‌తో పాటు ఫోన్ చేసి, తల్లిదండ్రులను, బిడ్డను కలిపి కూర్చోబెట్టి ఇరవై నిమిషాలపాటు ఒక లెక్క చేయించారు. ఫోన్ వచ్చిన ఇళ్ల పిల్లలు లెక్కల్లో స్పష్టంగా మెరుగుపడ్డారు. ఎస్‌ఎంఎస్ మాత్రమే అందిన ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వాళ్లు వాడింది మామూలు ఫోనే, ఇంటర్నెట్ అక్కర్లేదు. 2022లో వెలువడిన ఈ ఫలితం మన వాట్సాప్ గ్రూపులకు నేరుగా వర్తిస్తుంది.

బడికీ ఇంటికీ మధ్య మాట అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది వలస ఇళ్లకు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి, ఏటా వేల కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు ప్రాంతానికి వెళ్తాయి. ఇంటికి తాళం పడుతుంది, పిల్లలూ వెంట వెళ్తారు. బయల్దేరే ముందు ఒక్క మాట బడికి చెబితే ఆ పిల్లల్ని సీజనల్ హాస్టల్లో ఉంచవచ్చు, లేదా వెళ్లే ఊరి బడికి కబురు చేయవచ్చు. టీసీ రావడం ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది. ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఇది తెలుసు? వలస ఏ నెలలో మొదలవుతుందో ఊరందరికీ తెలిసినప్పుడు, అంతకు నెల ముందే ఆ ఇళ్లకు వెళ్లి ఈ మాట చెప్పడం బడి పనే.

ఏజెన్సీలో భాష కూడా అడ్డు. కోయ, సవర, కువి, గోండి, కొలామీ మాట్లాడే పిల్లల కోసం ఉమ్మడి రాష్ట్రంలో రెండు దశాబ్దాల క్రితమే మాతృభాషలో బోధన మొదలుపెట్టి, ఎనిమిది భాషల్లో పుస్తకాలు తయారుచేశారు. బిడ్డకు సొంత భాషలో పాఠం చెప్పాలని గుర్తించిన విద్యాశాఖ, ఆ బిడ్డ తల్లికి మాత్రం తెలుగులో, ఇంకా చెప్పాలంటే కార్యాలయపు తెలుగులో నోటీసు పంపుతోంది. ఊళ్లోని ఆశా కార్యకర్తతోనో, భాషా వాలంటీరుతోనో ఆ మాటను వాళ్ల భాషలో రికార్డు చేయించి పంపడం ఈ రోజుల్లో క్షణాల పని.

టీచర్ మీద మరో బరువు వేస్తున్నామా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఏకోపాధ్యాయ బడిలో ఐదు తరగతులూ ఒక్కరే చూడాలి, మధ్యాహ్న భోజనం లెక్క, హాజరు యాప్, ఫొటోలు అన్నీ ఆయనే. కాబట్టి ఈ పనికి సమయం ఇవ్వాల్సింది శాఖే. ఇరవైమంది పిల్లలున్న బడిలో నెలకు ఒక్కో ఇంటికి ఐదు నిమిషాల ఫోన్ అంటే మొత్తం వంద నిమిషాలు. నెలకు ఒక పూటను ఇందుకే కేటాయించి, ఆ పూట ఏ యాప్ పనీ, ఏ నివేదికా అడగకుండా ఉంటే చాలు. ఆ ఐదు నిమిషాల్లో బిడ్డకు బాగా వచ్చిన ఒక అంశం, ఇంకా రానిది ఒకటి, ఇంట్లో చేయించదగ్గ చిన్న పని ఒకటి చెప్పాలి. తర్వాత తల్లి చెప్పేది వినాలి. బిడ్డకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదనో, తండ్రి ఊళ్లో లేడనో, బడికి వచ్చే దారిలో కుక్కలున్నాయనో ఆమె చెబితేనే టీచర్‌కు తెలుస్తుంది. బాగా వచ్చినది ముందు చెప్పమనడం ఎందుకంటే, ఫిర్యాదు కోసం మాత్రమే వచ్చే ఫోన్‌ను ఏ తండ్రీ ఇష్టంగా ఎత్తడు.

ప్రైవేటు బడులకూ ఇది వర్తిస్తుంది. ఫీజు గడువును నెలలో మూడుసార్లు గుర్తుచేసే యాప్, బిడ్డకు తీసివేతలు రావడం లేదని సంవత్సరాంతంలో చెబితే ఏం లాభం?

రెండు రాష్ట్రాల విద్యాశాఖలు వచ్చే జూన్ 12లోగా ఒక నిర్ణయం తీసుకోవాలి: ప్రాథమిక బడి టీచర్‌కు నెలకు ఒక పూట తల్లిదండ్రులతో మాట్లాడటానికే ఇవ్వాలి, ఇళ్లకు వెళ్లే ప్రతి కబురూ ఊరి తెలుగులో, లేదా ఆ ఇంటి భాషలో, గొంతుతో వెళ్లాలి. అంతవరకు తల్లిదండ్రులు ఆగనక్కర్లేదు. ఈ వారమే బడికి వెళ్లి, లేదా ఫోన్ చేసి, మార్కుల మాట పక్కనపెట్టి ‘మా పాప చదవగలుగుతోందా టీచర్, ఇంట్లో మేమేం చేయాలి?’ అని అడగండి. ఆ జవాబు పొందే హక్కు చట్టం మీకు ఇచ్చింది.