గడియ వేరు, సంతకం వేరు

పొద్దున ఐదున్నరకి మా వంటింట్లో ఒకాయన నిలబడి ఉన్నాడు. లుంగీ, బనీను, చేతిలో ఏమీ లేదు. పాలప్యాకెట్ కోసం మా ఆవిడ గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేలోపు పెరటి తలుపు నుంచి లోపలికి వచ్చేశాడు. పక్కగదిలో మా రెండేళ్ళ పాప నిద్రపోతోంది. మా ఆవిడ అరిచిన అరుపుకి నేను లేచి పరిగెత్తాను. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే ఆయన్ని రెండు చేతులతో బయటికి తోసేశాను. మెట్ల మీద పడ్డాడు. మోచేయి గీరుకుపోయింది. లేచి దులుపుకుని, చాలా మామూలుగా, “మోటర్ బందు జేసిన తమ్మీ, నీళ్ళు వోతున్నయ్,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

మోటర్ అసలు ఆన్‌లోనే లేదు.

అది నాలుగోసారి. మొదటిసారి గేటు లోపల మోటర్ స్విచ్ దగ్గర కనిపించాడు. రెండోసారి డాబా మీద, ట్యాంకు మూత తీసి లోపలికి చూస్తూ. మూడోసారి హాల్లో. మాకు మూడిళ్ళ అవతల, ఒకే గదిలో తల్లితో అద్దెకుండేవాడు. వయసు నలభై దాటి ఉంటుంది. ఒకప్పుడు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మెషీన్ మీద పనిచేశాడని తర్వాత తెలిసింది. ఆయన కథ చెప్పే హక్కు నాకు లేదు, ఇంతకంటే చెప్పను. మేం చేసిన పని గురించి మాత్రం చెప్తా.

మా గల్లీకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మామూలుగా అందులో నల్లా నీళ్ళ టైము, వీధికుక్కలు, ఎవరి ఇంటి ముందు ఎవరి కారు పెట్టారు అనేవే ఉంటాయి. ఆరోజు నేను జరిగింది రాసేసరికి పది నిమిషాల్లో ముప్పై మెసేజ్‌లు. వాటన్నిటిలో ఉన్నవి మూడే సలహాలు. ఎర్రగడ్డకి పంపించెయ్యండి (పక్కన నవ్వే బొమ్మ). పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి. ఓనర్‌తో మాట్లాడి ఖాళీ చేయించండి.

నాలుగో సలహా గ్రూపు బయట దొరికింది. ఉప్పల్‌లో ఆఫీసు పక్కన చాయ్ తాగుతూ, కథలు రాసే ఒక మిత్రుడికి చెప్పాను. అతను గ్లాసు పక్కనపెట్టి, “లేని నీళ్ళని ఆపే మనిషి! ఏం ఇమేజ్ అన్నా అది. రాయి నువ్వు,” అన్నాడు. మా ఆవిడ అప్పటికి రెండు రోజులుగా పెరటి తలుపు దగ్గర కుర్చీ అడ్డం పెట్టుకుని వంట చేస్తోంది.

ముందు ఈ నాలుగో సలహా సంగతి చూద్దాం. దాన్ని ఇచ్చేది మనలాంటివాళ్ళమే కాబట్టి.

సాహిత్యానికి పిచ్చివాళ్ళంటే ఎప్పుడూ మోజే. గొగోల్ 1835లో ఒకటి, లూషున్ 1918లో ఇంకొకటి, ఇద్దరూ ‘పిచ్చివాడి డైరీ’ అనే పేరుతోనే రాశారు. లూషున్ కథలో మనుషులు మనుషుల్ని తింటున్నారని భయపడేవాడు నిజానికి తన సమాజాన్ని సరిగ్గా చూస్తున్నవాడు. మంటో ‘టోబా టేక్ సింగ్’లో పిచ్చాసుపత్రి లోపలివాళ్ళ కంటే దాని బయట దేశాన్ని పంచుకున్నవాళ్ళకే మతి లేదనిపిస్తుంది. మూడూ గొప్ప కథలే. నా పేచీ వాటిని చదివిన మనతో. ఈ కథలు చదివీ చదివీ, పిచ్చివాడు ఏదో ఒక సత్యం చెప్పాలి అని మనం అలవాటు పడిపోయాం. మా వంటింట్లోకి వచ్చినాయన ఏ సత్యమూ చెప్పలేదు. ఆయన మోటర్ ఆపడానికి వచ్చాడు. ఆయనకి అది ప్రతీక కాదు. నిజంగానే నీళ్ళు పోతున్నాయని, తను ఆపకపోతే ఏదో అయిపోతుందని కంగారు. అందులో అర్థం వెతుక్కుని మురిసిపోయే పాఠకుడూ, నవ్వే బొమ్మ పెట్టిన పొరుగాయనా ఒక విషయంలో సమానమే. ఆయన మందులు ఎప్పుడు అయిపోయాయని ఇద్దరూ అడగలేదు.

నేనూ అడగలేదు. అడిగింది మా ఆవిడ, అదీ అంతా అయిపోయే ముందు.

ఇప్పుడు ఎర్రగడ్డ. హైదరాబాద్‌లో ఆ పేరు తిట్టు. విశాఖలో చినవాల్తేరు, మద్రాసులో కీళ్పాక్, హిందీవాళ్ళకి ఆగ్రా, రాంచీ. ఆసుపత్రి ఉన్న పాపానికి ఊరి పేరే తిట్టయి కూర్చుంది. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ. అక్కడ ఓపీ ఉంటుంది, మందులు రాయించుకుని ఇంటికి తిరిగొచ్చేవాళ్ళు ఉంటారు. మా గ్రూపులో ఎవరికీ తెలియని సంగతేంటంటే, ఆ తల్లి కొడుకుని తీసుకెళ్ళాలనుకుంటున్నదీ సరిగ్గా అక్కడికే. నాచారంలో ఆటో ఎక్కి, హబ్సిగూడలో మెట్రో పట్టుకుని, అమీర్‌పేటలో లైన్ మారి, ఎర్రగడ్డలో దిగాలి. జనంలోకి వస్తే బెదిరిపోయే మనిషిని అరవై దాటిన ఆడమనిషి ఒక్కతే పట్టుకుని పోవాలి. “అమీర్‌పేటల చెయ్యి విడిపించుకున్నడు బిడ్డా. మల్ల ఆడిదాంక తీస్కపోనీకి నాకు చాతకాలే,” అందావిడ మా ఆవిడతో. అంతకుముందు నెల సంగతట. అప్పటి నుంచి మందుల్లేవు.

మా గ్రూపులో కనీసం పదకొండు కార్లున్నాయి. అందులో ఒకటి నాది. ఎర్రగడ్డకి పంపించమన్న ఎవరమూ ఎర్రగడ్డ దాకా తీసుకెళ్తామనలేదు.

ఇక పోలీసులు. ఒక స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. “పిటిషన్ ఇయ్యండి సార్, పిలిపిచ్చి వార్నింగ్ ఇస్తం,” అన్నాడు. ఏమని వార్నింగ్ ఇస్తారు? లేని నీళ్ళని ఆపొద్దనా? ఇంటికొచ్చి చట్టం తెరిచి చదివా. ఇంజనీర్లం కదా, ఏదైనా పాడైతే ముందు మాన్యువల్ చూస్తాం.

భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్ ప్రకారం ఒకరి ఇంట్లోకి చొరబడటం నేరమే, ఏడాది దాకా జైలు. కానీ నేరం చెయ్యాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. పైగా అదే సంహితలో 22వ సెక్షన్, తానేం చేస్తున్నాడో, అది తప్పో కాదో తెలుసుకోలేని మతిస్థితిలో చేసిన పని నేరం కాదంటుంది. అంటే కేసు పెట్టినా నిలబడటం కష్టం. నిలబడినా మోటర్ మోగుతూనే ఉంటుంది, ఆయన తలలో.

అసలు మాన్యువల్ వేరే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 100వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బుతో దిక్కులేకుండా తిరుగుతున్నవాళ్ళనీ, జబ్బు వల్ల తమకో ఇతరులకో ప్రమాదంగా మారినవాళ్ళనీ రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ ఆఫీసర్ బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. 89వ సెక్షన్ ప్రకారం, మనిషి ఒప్పుకునే స్థితిలో లేనప్పుడు అతని తరఫున మాట్లాడే ప్రతినిధి, అంటే తనే ఎంచుకున్న మనిషో, లేకపోతే ఇంట్లోవాళ్ళో, దరఖాస్తు పెడితే, ఒక సైకియాట్రిస్టూ ఇంకొక వైద్య నిపుణుడూ విడివిడిగా పరీక్షించి 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. అందుకు చూసే కారణాల్లో ఒకటి, ఆ మనిషి ఇతరులకి దెబ్బ తగులుతుందేమోనన్న భయం కలిగించడం. అంటే వంటింట్లో మా ఆవిడ పడ్డ భయాన్ని చట్టం లెక్కలోకి తీసుకుంది. కానీ నిర్ణయం డాక్టర్లది, దరఖాస్తు అతని మనుషులది. పొరుగువాడు చెప్తే చేర్చుకునే దారి ఎక్కడా లేదు.

ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. మా ఇంట్లోకి వస్తుంటే మాకు ఏ అధికారమూ లేదా అని. అప్పుడు డాక్టర్ సుధాకర్ గుర్తొచ్చాడు. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టర్. కరోనా మొదట్లో మాస్కులు ఇవ్వట్లేదని మాట్లాడి సస్పెండ్ అయ్యాడు. 2020 మే 16న విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టేసిన వీడియో మనమంతా చూశాం. ఆ తర్వాత ఆయన్ని చేర్చింది మానసిక వైద్యశాలలో. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకి ఆదేశించాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన గుండెపోటుతో పోయాడు. ‘వీడికి పిచ్చి’ అనే మాటకి ఎంత బలముందో అప్పుడు తెలిసింది. ఒక డాక్టర్ని రోడ్డు మీద కట్టేశాక ఆసుపత్రికి పంపించడం అంత తేలికైతే, ఒక్క గదిలో అద్దెకుండే మనిషి సంగతేంటి? ఆ అధికారం మా గ్రూపు చేతికి రాకపోవడమే మంచిది. మాకు ఆయన మీదే కాదు, బిర్యానీ బండి వాడి మీద కూడా కోపముంది.

అయితే చట్టం చేతులు కట్టేసింది పొరుగువాళ్ళవి మాత్రమే కాదు కదా. అదే చట్టం 18వ సెక్షన్‌లో కుటుంబానికి సాయం, ఇంటి దగ్గరే పునరావాసం, హాఫ్‌వే హోమ్‌లు ప్రభుత్వం ఏర్పాటు చెయ్యాలని రాసుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచీ ఉంది. చికిత్స ఇంటికి దగ్గరగా దొరకాలన్నదే దాని ఉద్దేశం. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన సర్వే ప్రకారం, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందట్లేదు. 2022 అక్టోబర్‌లో టెలీ మానస్ మొదలైంది, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మంచిదే. కానీ ఫోన్ అవతలి మనిషి ఐదున్నరకి మా పెరట్లోకి రాలేడు. అమీర్‌పేటలో ఆ తల్లికి రెండో చెయ్యి పట్టుకోలేడు.

ఇంకో సంగతి. మాకు దగ్గర్లోనే నాచారం ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. ఈఎస్ఐలో దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటుంది, అందులో సైకోసిస్ కూడా ఉంది. నిబంధనల ప్రకారం అర్హత ఉన్న కార్మికుడికి పని చెయ్యలేని కాలంలో జీతంలో 80 శాతం దాకా భత్యం వస్తుంది. అయితే కార్డు ఉద్యోగాన్ని పట్టుకుని ఉంటుంది. ఈ జబ్బు ముందు చేసే పని మనిషిని డ్యూటీకి పోకుండా చెయ్యడం. కాంట్రాక్టు మీద ఉన్నవాడు పది రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు. పేరు పోతే చందా ఆగుతుంది, చందా ఆగితే కొన్నాళ్ళకి కార్డూ పోతుంది. జబ్బు వల్ల ఉద్యోగం, ఉద్యోగం వల్ల వైద్యం. ఏ ప్రోగ్రామర్ అయినా దీన్ని బగ్ అంటాడు.

“ఇవన్నీ బానే ఉన్నాయి, నీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే తెలుస్తుంది,” అంటారు. ఉంది. చెప్పాను కదా, పక్కగదిలో పడుకుంది. ఆ భయం అబద్ధమని నేననను. దాన్ని జాలితో కప్పేసుకోమనీ అనను. మా ఆవిడ భయపడటం తప్పు కాదు. పెరటి తలుపుకి కొత్త గడియ పెట్టించడం తప్పు కాదు, గేటుకి తాళం వెయ్యడం తప్పు కాదు. ఆయన్ని తోసేయడం తప్పే, చెయ్యెత్తకుండా దారి వదిలి ‘అన్నా, నేను చూసుకుంటా, నువ్వు ఇంటికి పో’ అనుంటే వెళ్ళిపోయేవాడు. మూడోసారి హాల్లోంచి అలాగే వెళ్ళాడు. అయినా నిద్రలోంచి లేచిన మనిషికి అన్నీ తోచవు, దాన్ని కూడా అర్థం చేసుకోవచ్చు.

అర్థం చేసుకోలేనిది ఆ తర్వాతి ఆదివారం జరిగింది. ఓనర్‌కి ఇవ్వడానికి ఒక కాగితం ఇంటింటికీ వచ్చింది. గల్లీలో ఆడవాళ్ళకీ పిల్లలకీ భద్రత లేదు, వాళ్ళని ఖాళీ చేయించండి అని. అప్పటికి కొత్త గడియ బిగించి ఐదు రోజులైంది, ఆయన మళ్ళీ మా ఇంట్లోకి రాలేదు. మా ఆవిడ ఆ తల్లితో మాట్లాడొచ్చింది కూడా. మందుల సంగతి, అమీర్‌పేట సంగతి నాకు తెలుసు. అన్నీ తెలిసే సంతకం పెట్టాను. పైనుంచి మూడోది నాది. ‘అందరూ పెడుతున్నారు కదా’ అనుకున్నాను. ‘బాధితుడివే నువ్వు పెట్టకపోతే ఎట్లా’ అని అడుగుతారనుకున్నాను.

గడియ మా ఇంటి కోసం. సంతకం వాళ్ళింటి మీద. నా భయం నా తలుపు మీద నాకు హక్కిస్తుంది. ఆయన తలుపు మీద ఇవ్వదు. ఇంత చిన్న తేడా అర్థం చేసుకోవడానికి నాకు వాళ్ళు వెళ్ళిపోయిన తర్వాత నెల పట్టింది. ఒక డీసీఎం కూడా అక్కర్లేకుండా ఆటో ట్రాలీలో సామాను సర్దేసుకున్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు. ఎక్కడికెళ్ళినా అక్కడ ఇంకొక పెరడు, ఇంకొక మోటర్, ఇంకొక గ్రూపు ఉంటాయి. మేం సమస్యని పరిష్కరించలేదు, ఫార్వర్డ్ చేశాం.

కాబట్టి నేను ఎవర్నీ కరుణ అడగట్లేదు. కరుణ మన దగ్గర కావలసినంత ఉంది, కథలు చదివి కన్నీళ్ళు పెట్టుకుంటాం. పని అడుగుతున్నా. గల్లీలో ఒక కారు, నెలకో సగం రోజు సెలవు, ఆ ఇంటివాళ్ళ ఫోన్ నంబరు. స్టేషన్‌కి వెళ్తే ‘వార్నింగ్ ఇవ్వండి’ అనకుండా ‘100వ సెక్షన్ కింద ఆసుపత్రికి తీసుకెళ్ళండి’ అని రాసిచ్చే తెలివి. ఎమ్మెల్యే ఓట్లడగడానికి వచ్చినప్పుడు డ్రైనేజీతో పాటు, ఇంటికొచ్చి మందిచ్చే నర్సు ఏరీ అని కూడా అడగటం. ఆ తల్లికి కావలసింది ఇంతే. మాకు మాత్రం ఆవిడని గల్లీ దాటించడమే తేలికగా కనిపించింది.

మీ గల్లీలో కూడా ఏదో ఒక ఆదివారం అలాంటి కాగితం వస్తుంది. గడియ పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. పెన్ను తీసేముందు మాత్రం ఆ ఇంటికి వెళ్ళి, మందులు ఎప్పుడు అయిపోయాయని అడగండి.