పిల్లల పాస్‌పోర్టుకు విధేయత పరీక్ష ఎందుకు?

ద్వంద్వ పౌరసత్వం మాట ఎత్తితే చాలు, మనవాళ్ల దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు, దేశం పట్ల విధేయత పంచిపెట్టేది కాదు అన్నది మొదటిది. ఓసీఐ కార్డు ఇస్తున్నారు కదా, ఇంకేం కావాలి అన్నది రెండోది. టీవీ చర్చల్లోనూ పెళ్లి పందిళ్లలోనూ ఈ రెండింటికీ తలలూపేవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్ల విషయంలో మొదటి వాదన మీద ఎంతైనా చర్చించుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు దాన్ని అంటగట్టడం మాత్రం అన్యాయం. అది మన చట్టం సొంత తర్కానికే విరుద్ధం.

ముందు చట్టాన్నే చూద్దాం. 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, భారతీయుడు స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం రద్దవుతుంది. రాజ్యాంగం 9వ అధికరణ కూడా స్వచ్ఛందంగా తీసుకోవడం గురించే మాట్లాడింది. డల్లాస్‌లో హెచ్‌1బీ వీసా మీద ఉన్న తెలుగు దంపతులకు బిడ్డ పుడితే, అమెరికా రాజ్యాంగ 14వ సవరణ కింద ఆ బిడ్డకు పుట్టుకతోనే అక్కడి పౌరసత్వం వస్తూ ఉంది. ఆ బిడ్డ ఏ ప్రమాణమూ చేయలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ భారత పౌరులే, ఇద్దరి చేతుల్లోనూ భారత పాస్‌పోర్టులే. ఆ ఇంట్లో పరాయి దేశస్థుల లెక్కలోకి వచ్చింది ఒక్క చంటిబిడ్డే.

ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పిల్లలకు రెండు దేశాల పౌరసత్వం ఉండొచ్చని మన చట్టమే ఒప్పుకుంటోంది. విదేశంలో పుట్టి, తల్లిదండ్రుల ద్వారా భారత పౌరసత్వం పొందిన మైనరుకు మరో దేశ పౌరసత్వం కూడా ఉంటే, మేజరైన ఆరు నెలల్లోగా దాన్ని వదులుకోవాలనీ, లేకపోతే భారత పౌరసత్వం పోతుందనీ 4వ సెక్షన్‌లోని (1ఎ) ఉపవిభాగం చెబుతోంది. అంటే అప్పటిదాకా రెండూ ఉండొచ్చనే కదా! మరి అడ్డంకి ఎక్కడుంది? 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డను భారత పౌరుడిగా నమోదు చేయించాలంటే, ఆ బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు ప్రకటించాలి. అమెరికా చట్టమేమో తన పౌరులు ఆ దేశం దాటాలన్నా, తిరిగి అడుగుపెట్టాలన్నా అమెరికా పాస్‌పోర్టు ఉండాల్సిందే అంటుంది. భారత పౌరసత్వం నిలుపుకున్న బిడ్డ భారత్‌కు ప్రయాణం కట్టలేడు. ప్రయాణం కట్టిన బిడ్డకు ఆ పౌరసత్వం దక్కదు. చట్టం ఒక చేత్తో ఇచ్చిన హక్కును రెండో చేత్తో లాక్కుంటోంది.

దీని ఫలితం మన ఊళ్లలోనే కనిపిస్తుంది. రాజంపేటలో ఒక అవ్వకు ఇద్దరు మనవలు ఉన్నారనుకోండి, ఒకడు కువైట్‌లో, ఒకడు టెక్సస్‌లో పుట్టారు. గల్ఫ్ దేశాలు అక్కడ పుట్టినంత మాత్రాన మన పిల్లలకు పౌరసత్వం ఇవ్వవు కాబట్టి కువైట్ మనవడు భారత పాస్‌పోర్టు మీద నేరుగా వచ్చేస్తాడు. టెక్సస్ మనవడికి వీసా కావాలి. అవ్వ ఐసీయూలో ఉందని అర్ధరాత్రి ఫోనొస్తే భారత పాస్‌పోర్టున్న తల్లిదండ్రులు మర్నాడే విమానం ఎక్కగలరు. నెలల బిడ్డకు మాత్రం ముందు అమెరికా పాస్‌పోర్టు తీయించాలి, తర్వాత వీసా తెచ్చుకోవాలి. ఈలోగా జరగకూడనిది జరిగిపోతే? ఒకే నెత్తురు పంచుకున్న ఇద్దరు పిల్లల్లో ఎవరి విధేయత ఎంతో మనం ఏ కొలతతో తేల్చాం?

ఇక ఓసీఐ. 2006 జనవరిలో మన హైదరాబాద్‌లోనే జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ కార్డులు అందజేశారు. ద్వంద్వ పౌరసత్వం వచ్చేసిందని అప్పట్లో చాలామంది సంబరపడ్డారు. నిజానికి అది జీవితకాలపు వీసా. వీసా క్యూల బాధ తగ్గించిన మాట నిజమే, ఆ మేరకు మేలే చేసింది. కానీ కార్డు పక్కన విదేశీ పాస్‌పోర్టు లేనిదే అది పనికిరాదు. అమెరికాలో పదహారేళ్లలోపు పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఆ వివరాలు మళ్లీ ఓసీఐ వెబ్‌సైట్‌లోకి ఎక్కించాలి.

అసలు దెబ్బ తగిలేది కుటుంబం తిరిగొచ్చేశాక. కొండాపూర్‌లో ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన పిల్ల ఓసీఐ కార్డుదారు అయితే, 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం నీట్, జేఈఈ వంటి పరీక్షల్లో ఎన్నారై సీట్లకో, అదనపు సీట్లకో మాత్రమే పోటీ పడాలి. ఆ తేదీకి ముందే కార్డు పొందినవాళ్లకు ఇది వర్తించదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత తీసుకున్నవాళ్లకు ఆ ఊరట లేదు. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలికి ఉన్న సీటు ఈ అమ్మాయికి లేదు. "ఇంకేం కావాలి?" అని అడిగేవాళ్లు ఆ పిల్లకు సమాధానం చెప్పాలి.

భద్రత మాటేమిటంటారు. రెండు పాస్‌పోర్టులతో మోసాలు జరుగుతాయంటారు. దాచినప్పుడే మోసం. రెండో పాస్‌పోర్టు నంబరు కాన్సులేట్ దగ్గర తప్పనిసరిగా నమోదు చేయిస్తే ప్రభుత్వానికి తెలిసేది పెరుగుతుందే గానీ తగ్గదు. తల్లిదండ్రులు విడిపోయినప్పుడు పిల్లల్ని ఎత్తుకొచ్చేస్తారన్న భయం ఇంతకంటే బరువైనది. పిల్లల అపహరణపై 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. పైగా భారత పౌరుడిగా ఇక్కడున్న బిడ్డ విషయంలో అమెరికా రాయబార కార్యాలయం చేయగలిగింది తక్కువే. అందుకే రెండో పాస్‌పోర్టుకు తల్లీ తండ్రీ ఇద్దరి సమ్మతి ఉండి తీరాలని షరతు పెట్టాలి. అయితే విదేశీ పాస్‌పోర్టు ఒక్కటే ఉన్నంత మాత్రాన ఈ గొడవలు ఆగడం లేదు. కస్టడీ తేల్చేటప్పుడు మన కోర్టులు ముందు చూసేది బిడ్డ సంక్షేమాన్ని.

ఒకే పౌరసత్వం అన్న సూత్రాన్ని గట్టిగా పట్టుకున్న జపాన్ ఏం చేస్తోందో చూడండి. పుట్టుకతో రెండు పౌరసత్వాలు వచ్చిన పిల్లలు పెద్దయ్యేదాకా రెండింటితోనూ ఉంటారు, ఇరవయ్యేళ్లు వచ్చేసరికి ఏదో ఒకటి ఎంచుకోవాలని చట్టం అడుగుతుంది. ఆ సూత్రం అక్కడ చెక్కుచెదరలేదు, పిల్లలూ నలిగిపోలేదు.

మనకూ కొత్త చట్టం అక్కర్లేదు. వేరే పాస్‌పోర్టు లేదని ప్రకటించాలన్న షరతు తీసేసి, ఉంటే వెల్లడించాలన్న షరతు పెడితే చాలు. మేజరయ్యాక ఎంచుకోవాలన్న నిబంధన ఎలాగూ ఉంది. తెలుగు ఇళ్లలో విదేశంలో పుట్టిన మనవడో మనవరాలో లేని ఇల్లు అరుదైపోతున్న ఈ రోజుల్లో, ఈ సవరణ కోసం పార్లమెంటులో పట్టుబట్టాల్సిన బాధ్యత మన రెండు రాష్ట్రాల ఎంపీలది. పద్దెనిమిదేళ్లు నిండినవాణ్ని "నువ్వు ఏ దేశానివి?" అని అడిగే హక్కు ఈ దేశానికి ఉంది. ఆ వయసు రాకముందే జవాబును తనే రాసేసి, ఆ బిడ్డను పరాయివాడిగా నిలబెట్టే హక్కు లేదు.